పక్క నక్షత్రం కదలకూడదు

పసిపిల్లల బడి,
మెట్ల కింద గది

అక్కా,

నీ ఉత్తరానికి తీరిగ్గా ఆదివారం జవాబు రాద్దామనుకున్నాను. కానీ ఇవాళ క్లాసులో జరిగింది నీకు చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేట్టుంది.

కిటికీలన్నీ మూసి, వాటికి నల్లగుడ్డలు కట్టి, గది మధ్యలో స్టూలు మీద ఒక బల్బు వెలిగించాను. "ఇదే సూర్యుడు. మీ బుర్రలే భూమి. ఇప్పుడు నిలబడ్డ చోటే మెల్లగా తిరగండి" అన్నాను. అంతలో మా గుండుబాబు (పేలు పడ్డాయని వాళ్ల నాన్న నున్నగా గీయించేశాడు) గావుకేక పెట్టాడు. "సార్ మావయ్యా! నా ముక్కు మీద పొద్దున! నా వీపు మీద రాత్రి!"

అంతే. "నా వీపు మీదా రాత్రే!" "నా చెవి మీద సాయంత్రం!" అని ఒకటే గోల. ఇరవైమంది ఐదేళ్ల పిల్లలు ఒకేసారి పగలూ రాత్రీ అంటే ఏమిటో కనిపెట్టేస్తుంటే చూడాలే అక్కా, నాకు ఒళ్లంతా పులకరించిపోయింది.

నన్ను "సార్ మావయ్య" అంటున్నారేమిటా అని చూస్తున్నావా? అది నీ కూతురు పిచ్చుక పుణ్యమే. ఇంట్లో మావయ్య, బళ్లో సార్ అని నేను చెబితే, ఎందుకొచ్చిన గొడవ అని రెండూ కలిపేసింది. ఇప్పుడు ఊరందరికీ మావయ్యనే.

తర్వాత గుండుబాబుని భూమిని చేసి, రెండు జడల పిల్లని చందమామని చేశాను. "చందమామ ఎప్పుడూ భూమి వైపే మొహం పెట్టుకుని తిరుగుతాడు. వీపు చూపించడు" అన్నాను. ఆ పిల్ల పీతలాగా పక్కకి అడుగులేస్తూ, వాడి మొహంలోకే చూస్తూ తిరిగింది. "సార్ మావయ్యా, వీడు నాలిక బయటపెడుతున్నాడు, అయినా చూడాలా?" అంది. చూడాల్సిందే అన్నాను. సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని పెద్ద టీచరమ్మగారు వచ్చారు. చీకటి గది, బొంగరాల్లా పిల్లలు, మధ్యలో నేను. "ఇది పాఠమా, జాతరా?" అన్నారు.

చివరికి తేలిందేమిటంటే, తల్లిదండ్రుల రోజున ఈ గ్రహాల పాఠం అందరి ముందూ చేసి చూపించాలట. పిల్లలకి నిజంగా ఏమైనా వచ్చిందనిపిస్తే సరే. లేకపోతే వచ్చే ఏడు నుంచి నోరు మూసుకుని పుస్తకం చదివించాలట.

పిచ్చుక బాగానే ఉంది. తింటోంది, పడుకుంటోంది. నీ మరదలు జడ వేస్తే వంకలు పెట్టకుండా వేయించుకుంటోంది. బావ లారీ దిగి వచ్చిన రోజున ఆయన భుజం దిగదు. నీ ఫోన్ మోగితే మాత్రం ఇప్పటికీ బల్ల కింద దూరుతోంది. ఇవాళ కూడా అందరూ తిరుగుతుంటే అది గోడకి ఆనుకుని నిలబడింది. కంగారు పడకు, మెల్లగా దారికొస్తుంది.

నీకొక పని. కార్ఖానాలో గుడ్డ పీలికలు బోలెడు మిగులుతాయి కదా. ఎనిమిది గ్రహాలు కుట్టి పంపవూ? నీ చేతి బొమ్మలుంటే మా క్లాసు వెలిగిపోతుంది.

నీ తమ్ముడు

~

కుట్టు కార్ఖానా, మూడో అంతస్తు,
మధ్యాహ్నం భోజనాల వేళ

ఒరేయ్ బుద్ధావతారం,

ఎనిమిది గ్రహాలూ ఈ పార్సిల్‌లో ఉన్నాయి. నీ పెద్ద టీచరమ్మ నోరు మూయించడానికి ఇవి చాలు.

వారం రోజులు భోజనం గబగబా ముగించి, మిగిలిన టైములో కుట్టాను. కార్ఖానా అంతా నా గ్రహాల మీదే పడింది. ఇస్త్రీ తాత ప్రతి బంతినీ ఆవిరి పట్టి ముడతలు తీసిచ్చాడు. శని చుట్టూ వలయం కావాలని పుస్తకంలో చూశాను. లంగా నడుముకి వేసే ఎలాస్టిక్ బిగించాను, లాగి వదిలితే టప్‌మని కొడుతుంది, జాగ్రత్త. భూమిని నా పాత నీలం చొక్కాతో కుట్టాను. పిచ్చుక ఆ చొక్కా పట్టుకుని పడుకునేది, నీకు గుర్తుందో లేదో.

ఒక సంగతి. నువ్విచ్చిన పుస్తకంలో ఒక గ్రహం పెద్దది, ఒకటి మరీ చిన్నది. అవేవీ నేను పట్టించుకోలేదు. అన్నీ ఒకే కొలతకి కత్తిరించాను. పిల్లల మధ్య పెద్దా చిన్నా తేడా పెడితే కొట్టుకు చస్తారు. ఇద్దరు పిల్లలున్న ఇంటికి గౌను కుట్టేటప్పుడు కూడా నేను కుచ్చులు సమానంగానే పెడతాను.

నాకిక్కడ కటింగ్ నేర్పే మాస్టారు కత్తెర ఇచ్చి ఒక్కదాన్నే బల్ల ముందు వదిలేస్తున్నాడు. కోర్సు అయ్యేలోపు నేను కటింగ్ మాస్టర్‌ని అయిపోతానట. వినడానికి బాగుంది కదూ? కానీ ఒరేయ్, నిజం చెప్పు. పిచ్చుక నా గురించి అడిగిందా? ఒక్కసారైనా? నన్ను మంచి చేసుకోవడానికి అబద్ధం రాయకు. ఫోన్ పగలంతా గేటు దగ్గర పెట్టెలో వేస్తారు. సాయంత్రం అది చేతికొచ్చేసరికి, ఈసారి పలుకుతుందేమో అని ఆశ పడతాను. నీ గొంతే వినిపిస్తుంది. నీ గొంతు నాకెందుకురా?

అక్క

~

బడి, బాగా గందరగోళంగా ఉన్న క్లాసు గది

అక్కా,

గ్రహాలొచ్చాయి! పార్సిల్ విప్పీ విప్పగానే కోతికి కొబ్బరికాయ దొరికినట్టే అయింది మా వాళ్లకి. శనిని ఐదుగురు పట్టుకుని లాగారు. నువ్వు చెప్పినట్టే ఎలాస్టిక్ టప్‌మంది, నా ముక్కు మీద. సమానంగా కుట్టినా కొట్టుకున్నారు, ఎందుకంటే వలయం ఒక్క దానికే ఉంది.

పిచ్చుక వచ్చింది. భూమిని తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. బంతిని బల్ల మీద పెట్టేసి, "అన్నీ ఒకే సైజేంటి? తప్పు కదా" అని వెళ్లిపోయింది. అక్కా, క్లాసులో ఈ మధ్య అది తనంతట తాను నోరు విప్పింది ఇదే మొదలు!

ఇంక ఆగుతానా? "తప్పే! భూమి ఈ బంతంత ఉంటే సూర్యుడు ఎంతుంటాడో చెప్పండి" అన్నాను. తలకాయంత అన్నారు. బల్లంత అన్నారు. అందర్నీ బయటికి తీసుకెళ్లి బడి మేడ చూపించి, "దీనికన్నా ఎత్తు" అన్నాను. నమ్మలేదు! గుండుబాబు బంతిని గోడకి ఆనించి, మెడ వెనక్కి వాల్చి పైకి చూసి చూసి వెల్లకిలా పడ్డాడు.

అందుకని లెక్క తిరగేశాను. అన్నిటినీ చిన్నవి చేసేస్తే మన సూర్యుడు చొక్కా బటనంత అవుతాడు. అప్పుడు గ్రహాలన్నీ మా బడి ఆవరణలోనే, నిజమైన దూరాల్లో పట్టేస్తాయి. చిటికెన వేలి గోరంత పసుప్పచ్చ బటన్లు ఓ రెండు పంపు. నువ్వు కుట్టినవి సైజులకి పనికిరావు గానీ, ఆడుకోవడానికి బ్రహ్మాండంగా ఉన్నాయి.

అబద్ధం రాయకన్నావు కాబట్టి రాస్తున్నాను. నిన్న అన్నం తినిపిస్తూ నీ మరదలు అడిగింది, "అమ్మ ఫోన్ చేస్తే ఎందుకు మాట్లాడవే?" అని. "దగ్గరే అంది. దగ్గరే, ఇట్టే వచ్చేస్తానంది. నేను గేటు దగ్గర నిలబడ్డాను. అబద్ధం చెప్పింది" అంది. కోపంగా కూడా అనలేదు. ముద్ద మింగి చెప్పింది.

తమ్ముడు

~

కార్ఖానా

తమ్ముడూ,

బటన్లు పంపుతున్నాను. నాలుగు కన్నాలవి, గట్టివి. పనికిరానివి కావు.

ఐదేళ్ల పిల్ల మెడ పట్టుకుని వేలాడుతూ ఎక్కడికి, ఎంత దూరం అని అడిగితే, రాత్రంతా బస్సులో కూర్చోవాలి, ఏడాదిదాకా రాను అని ఏ తల్లి చెబుతుందిరా? నువ్వు చెప్పగలవా? బల్బులు పెట్టి చెబుతావు కాబోలు.

నేను నిర్ణయించుకున్నాను. తల్లిదండ్రుల రోజుదాకా చూస్తాను. అప్పటికీ అది నాతో పలకకపోతే కత్తెర ఈ బల్ల మీదే పడేసి వచ్చేస్తాను. కన్నకూతురు నన్ను అబద్ధాలకోరు అనుకుంటుంటే, కటింగ్ మాస్టర్‌నై ఎవరికి కట్ చేసి పెట్టాలి? నాకు నచ్చజెప్పాలని చూడకు.

అక్క

~

బడి ఆవరణ, కుళాయి గట్టు మీద

అక్కా! అక్కా! అక్కా!

కూర్చుని చదువు. నిలబడి ఉంటే ముందు కూర్చో.

నేనెంత మూర్ఖంగా రాశానో నీ ఉత్తరం చదివాక తెలిసింది. పనికిరావు అనే మాట వెనక్కి తీసుకుంటున్నాను, చెంపలేసుకుంటున్నాను. కానీ అదంతా తర్వాత. ముందు ఇది విను.

పొద్దున నీ బటన్‌ని ఒక కర్రకి కట్టి గేటు దగ్గర పాతాను. సూర్యుడు! అక్కణ్నుంచి నేను ఒక్క పెద్ద అంగ వేసి ఆగాను. ఒక అట్టముక్క మీద పెన్సిల్ మొన ఆనించి, "ఇదీ మన భూమి. నిజానికి ఇంతకన్నా చిన్నది" అన్నాను. అందరూ అట్ట మీద పడ్డారు. "మన బడి ఎక్కడుంది?" "అందులోనే." "మా ఇల్లు?" "అందులోనే." "సముద్రం?" "అదీ అందులోనే." రెండు జడల పిల్ల ఆ చుక్క తుడిచిపెట్టుకుపోతుందేమోనని చెయ్యి అడ్డం పెట్టింది.

గురుడి కోసం మరో అట్టకి ఓ సన్న ఆవగింజ అతికించాం. వాడిని పూల కుండీల దగ్గర నిలబెట్టాం. శని జారుడుబల్ల దగ్గర. చివరి గ్రహం నెప్ట్యూన్ ఇదిగో, నేను కూర్చున్న ఈ కుళాయి దగ్గర, ఆవరణకి ఈ చివర! ఇక్కణ్నుంచి చూస్తే గేటు దగ్గరి బటన్ కనిపించీ కనిపించనట్టుంది. "మధ్యలో ఏముంది సార్ మావయ్యా?" "ఏమీ లేదు." "ఏమీ లేదా?" "ఖాళీ." అక్కా, ఆ ఖాళీలో ఇరవైమందీ చేతులు చాపి పరిగెత్తారు. ఎవరికీ ఏదీ తగల్లేదని సంబరం!

అప్పుడు గుండుబాబు కుళాయి పట్టుకుని, గోడ అవతలికి చూపిస్తూ అడిగాడు. "తర్వాతేముంది?"

పక్క నక్షత్రం అన్నాను. ఎక్కడ అన్నాడు. వీధి చివరా? అన్నాడు. కాదు, ఇంకా దూరం అన్నాను. బస్టాండు దగ్గరా? ఇంకా దూరం. నాకూ తెలీదు అక్కా, నిజంగా ఎప్పుడూ లెక్క వెయ్యలేదు. సుద్దముక్క తీసుకుని అక్కడే గచ్చు మీద వేశాను. ఒకసారి వేసి, తప్పేమో అని మళ్లీ వేశాను. ఈ బటన్ మన సూర్యుడైతే, అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం మూడొందల కిలోమీటర్లకి కాస్త తక్కువలో ఉండాలి.

అది నీ ఊరు అక్కా! మన గేటు నుంచి నీ కార్ఖానా సరిగ్గా ఆ దూరంలో ఉంది! నా చేతిలో సుద్దముక్క కింద పడిపోయింది.

ఊరి పేరు చెప్పాను. పిచ్చుక వెనకాల నిలబడి ఉంది. అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చింది.

"అమ్మ ఊరా?"

"అమ్మ ఊరే."

"అన్నిటికంటే దగ్గరిదా?"

"అన్నిటికంటే దగ్గరిది. మిగిలినవన్నీ ఇంకా చాలా చాలా దూరం."

"అయినా రాత్రంతా బస్సులో వెళ్లాలా?"

"వెళ్లాలి."

అది గచ్చు మీది అంకెలన్నీ చదవగలిగినట్టు చూసింది. తర్వాత అందరికీ వినబడేలా, "అయితే అమ్మ దగ్గరే అంది నిజమే" అంది.

నేను కుళాయి తిప్పి మొహం కడుక్కున్నాను. పిల్లల ముందు ఏడిస్తే బాగోదు కదా.

ఇంక దాని నోరు ఆగితే ఒట్టు! రెండో బటన్ నా జేబులోంచి లాక్కుంది. అది నీ దగ్గరుండాలట. ఈ కవర్లో పెట్టింది అదే, జాగ్రత్తగా విప్పు. అక్కడ నిజానికి మూడు నక్షత్రాలు గుంపుగా ఉంటాయి, వాటిలో ఒకటి దాదాపు మన సూర్యుడంతే ఉంటుందట, కాబట్టి ఇదే సైజు సరిపోతుంది. తల్లిదండ్రుల రోజున ఇక్కడ పాఠం జరుగుతుంటే నువ్వు అక్కడ కిటికీ దగ్గర బటన్ పట్టుకుని నిలబడాలి. అది అందరి ముందూ నీకు ఫోన్ చేసి మాట్లాడుతుంది. మాట్లాడుతుంది అక్కా! నాకు చెప్పిన మాట యథాతథంగా రాస్తున్నాను: "అమ్మని అస్సలు కదలొద్దని చెప్పు. నక్షత్రం కదిలితే లెక్క తప్పుతుంది."

నీ తమ్ముడు
(సార్ మావయ్య)

~

కార్ఖానా, బటన్ల డబ్బాల పక్కన

ఒరేయ్ నాన్నా,

నీ ఉత్తరం మెట్ల మీద నిలబడి చదివాను. కూర్చోమన్నావు గానీ ఎక్కడ కూర్చోను? ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలీక మాస్టారు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఇస్త్రీ తాతకి వినిపిస్తే, "మన మూడో అంతస్తు ఇంత గొప్పదా?" అని పెట్టె పక్కన పెట్టేసి కిటికీలోంచి కాసేపు బయటికి చూశాడు.

కవరు విప్పాను. బటన్ ఉంది. పిచ్చుక వేళ్ల జిగురు కూడా ఉంది. అది నేను కడగలేదు.

కానీ నా పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా తయారైందిరా. కోపంలో నీకు చెప్పలేదు, మొన్ననే మాస్టారి కాళ్లా వేళ్లా పడి సెలవు తీసుకున్నాను. తల్లిదండ్రుల రోజుకి వచ్చేద్దామని బస్సు టికెట్ కూడా కొనేశాను. ఇప్పుడు అదేమో కదలొద్దంటోంది! ఇన్నాళ్లకి నా మాట నమ్మింది. నేను గేట్లో ప్రత్యక్షమైతే దాని లెక్కంతా పాడుచేసినదాన్నవుతాను. రాకుండా ఉండటం నావల్ల కాదు. దాన్ని మెల్లగా కదిపి చూడు. నా పేరెత్తకు. నీ నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెలుసు, ఈ ఒక్కసారికి నానబెట్టు.

అక్క

~

బడి

అక్కా,

కదిపి చూశాను. "ఆ రోజు నక్షత్రమే ఇక్కడికొచ్చేస్తే ఎలా ఉంటుందే?" అన్నాను.

నడుం మీద చేతులు పెట్టుకుంది. అచ్చం నువ్వే. "సార్ మావయ్యా, ఆ నక్షత్రం ఈ గేటు దగ్గరికొస్తే మన గ్రహాలన్నీ చెదిరిపోవూ? నువ్వే కదా చెప్పావు, పెద్దవి చిన్నవాటిని లాగేస్తాయని?" అంది. చెప్పాను మరి. నా నోరే నా కొంప ముంచింది.

మిగతా పిల్లలందరికీ చెప్పేసింది, మా అమ్మ పక్క నక్షత్రం అని. గుండుబాబు వాళ్ల నాన్నని మాకెందుకు అంత దూరంలో ఎవరూ లేరని ఏడిపిస్తున్నాడట. పెద్ద టీచరమ్మగారు కూడా కుళాయి దగ్గర నిలబడి గేటు వైపు చాలాసేపు చూశారు. ఎందుకు చూశారో, నాకు అదే భయం.

నువ్వే ఆలోచించు. నేను పాఠాలే చెప్పగలను, కుట్లు వేయలేను.

తమ్ముడు

~

కార్ఖానా, బయల్దేరడానికి వారం ముందు

తమ్ముడూ,

దొరికింది!

కిటికీ పరదాకి బటన్ కుట్టేశాను. జంట దారం, నాలుగు కన్నాల్లోంచీ అడ్డంగా నిలువుగా. మాస్టారు లాగి చూసి, పరదా చిరగాలే గానీ ఇది ఊడదన్నాడు. ఆ రోజుకి ఇస్త్రీ తాత ఫోన్ దగ్గర పెట్టుకునేలా గేటు దగ్గర మాట్లాడాను. నా నంబరు బదులు ఆయన నంబరు కలుపు.

నక్షత్రం కదలదు. నేను కదులుతాను. దానికి చెప్పావో, చెవులు మెలేస్తాను.

అక్క

~

కార్ఖానా, పరదా కింద నా బల్ల

తమ్ముడూ,

క్షేమంగా చేరాను. బస్సులో నిద్రపోలేదు, ఒకటే నవ్వుకుంటూ కూర్చున్నాను. పక్క సీటావిడ నాకు పిచ్చనుకుని వేరే సీటుకి మారిపోయింది.

నువ్వు ఆ రోజు కుళాయి దగ్గర నెప్ట్యూన్‌ని పట్టుకుని "హలో, హలో" అని అరుస్తున్నావు కాబట్టి గేటు దగ్గర జరిగింది నీకు సగమే తెలుసు. మిగతా సగం నేను చెబుతాను.

దాని చేతిలో సూర్యుడి కర్ర ఉంది. నన్ను చూసింది. మొహం వెలిగింది, అంతలోనే ముడుచుకుపోయింది. "నువ్వు కదిలావు" అంది. మోకాళ్ల మీద కూర్చుని, "నక్షత్రం కదల్లేదు తల్లీ, పరదాకి కుట్టేసి వచ్చాను. కావాలంటే అడుగు" అన్నాను. అడిగింది! అందుకే కుళాయి దగ్గరికి పరిగెత్తి నీ చేతిలోంచి ఫోన్ గుంజుకుంది, నువ్వేదో అనుకున్నావు. "తాతా, బటన్ ఉందా?" అని అంతమంది ముందూ అరిచింది. ఇస్త్రీ తాతకి కాస్త చెవుడు, ఆయనా అంతకంటే గట్టిగా, "ఉందమ్మా! మెరుస్తోంది! నేను కాపలా ఉన్నాను!" అని అరిచాడు. తల్లులూ తండ్రులూ ఎందుకు చప్పట్లు కొట్టారో వాళ్లకే సరిగ్గా తెలీదు. పెద్ద టీచరమ్మ కూడా కొట్టింది, నేను చూశాను. తర్వాత నీ దగ్గరికొచ్చి "వచ్చే ఏడు ఆవగింజలు నేను తెస్తాను" అందట కదా, ఇంకేం కావాలిరా నీకు?

అప్పుడు పిచ్చుక ఫోన్ నీ చేతిలో పెట్టి నా దగ్గరికి నడిచి వచ్చింది. పరిగెత్తలేదు. కర్ర మీది సూర్యుణ్ని చూసింది, నన్ను చూసింది, గోడ అవతలికి చూసింది. నా మెడ చుట్టూ చేతులేసి చెవిలో చెప్పింది, అందుకే నీకు వినబడలేదు.

"అమ్మా, పక్క నక్షత్రం నుంచి ఇంతవరకూ ఎవ్వరూ రాలేదు. సార్ మావయ్య చెప్పాడు. నువ్వొక్కదానివే వచ్చావు."

ఎంతసేపు అలాగే ఉండిపోయానో, గేట్లోంచి వచ్చేవాళ్లు మమ్మల్ని తప్పుకుని వెళ్లారు.

బస్సెక్కించడానికి వచ్చినప్పుడు ఏడుస్తుందేమో అనుకున్నాను. "ఎక్కడికమ్మా?" అని అదే అడిగింది. మళ్లీ ఆ ప్రశ్నే. ఈసారి నేను దాచలేదు. "చాలా దూరం. రాత్రంతా ప్రయాణం. కోర్సు అయ్యాక తిరిగి వస్తాను" అన్నాను. తల ఊపింది. "అన్నిటికంటే దగ్గరే కదా" అని నాకే ధైర్యం చెప్పింది.

నిన్న సాయంత్రం ఫోన్ పెట్టెలోంచి తీసేసరికి మోగుతోంది. ఈసారి నీ గొంతు కాదు.

మాస్టారు పిలుస్తున్నాడు, కొత్త గుడ్డ తాను వచ్చింది, దాన్ని ఇవాళ నేనే కత్తిరించాలి. ఉంటాను.

అక్క

అన్నట్టు, గురుడి కుట్టు ఊడి దూది బయటికొచ్చిందని పిచ్చుక చెప్పింది. పంపు, బాగుచేసి పంపుతాను. సైజు మాత్రం మార్చను.